కనీస వేతనాల రిహార్సల్

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టడానికి నా వయసు చాలదని మా ఆవిడ అంటుంది. నిజమే, అవి మరీ వెనకటి రోజులేమీ కావు. మెట్రో రైలు అప్పుడే కొత్తగా తిరగడం మొదలైంది, జనం పని లేకపోయినా ఒకసారి ఎక్కి ఫొటోలు దిగి వస్తున్నారు. కానీ మొదటి ఉద్యోగం చేసిన కాలం ఎంత దగ్గరిదైనా ఎవరికైనా ‘ఆ రోజులే’. అప్పట్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. ఒకటి, చట్టాలన్నీ పుస్తకాల్లో ఉంటాయి కాబట్టి అవి ఎవరి జోలికీ రావు. రెండు, పెళ్లయ్యేలోగా నేను పెద్ద ఆఫీసర్ని అయిపోతాను. (రెండూ తప్పేనని మా ఆవిడ సాక్ష్యం చెబుతుంది.) ఈ మధ్య కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయి కదా, వాటి మీద బేగంపేటలో ఒక హోటల్లో క్లాసు పెడితే మా కంపెనీ నన్ను పంపించింది. టై కట్టుకున్న ఒక కుర్రాడు తెర ముందు నిలబడి, ప్రతి కార్మికుడికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాలి, ప్రతి కార్మికుడికీ తన హక్కులు తెలిసి ఉండాలి అన్నాడు. నాకు గట్టిగా నవ్వొచ్చింది. నలుగురూ తిరిగి చూసేసరికి దాన్ని దగ్గు కింద మార్చుకుని నీళ్లు తాగాను. ఎందుకంటే ఆ పని నేను ఎప్పుడో చేశాను. ఇరవై మంది కార్మికులకు వాళ్ల హక్కులు కంఠతా వచ్చేదాకా నేర్పాను. ఎందుకు నేర్పానో చెబితే మీకు నా మీద ఉన్న కాస్త మర్యాద పోతుంది. అయినా చెబుతాను.

డిగ్రీ చేత్తో పట్టుకుని ఆరు నెలలు తిరిగాక, మా మేనమామ తనకు తెలిసినాయన దగ్గర నాకు పని కుదిర్చాడు. కాప్రా నుంచి రెండు బస్సులు మారి బోయిగూడకు వెళ్లాలి. అక్కడ ఒక ఇరుకు సందు చివర లాండ్రీ. లాండ్రీ అంటే ఇస్త్రీ బండి అనుకోకండి. హోటళ్ల దుప్పట్లు, దిండు గలీబులు, టవళ్లు ఆటోల్లో మూటలు మూటలుగా వచ్చి పడేవి. గది అంత వాషింగ్ మెషిన్లు, వెనక బాయిలర్, మధ్యలో రోలర్ మిషన్. తడి దుప్పటిని ఒక వైపు నుంచి అందిస్తే కాలిపోతున్న రోలర్ల మధ్య నుంచి వెళ్లి అవతల ఇస్త్రీ అయిపోయి వచ్చేది. యజమానిని అందరం పెద్దసార్ అనేవాళ్లం. ఆయన చెడ్డవాడని చెప్పలేను. దసరాకీ రంజాన్‌కీ అందరికీ మిఠాయి డబ్బా ఇచ్చేవాడు. ‘మనదంతా ఒకటే ఫ్యామిలీ’ అని రోజుకు నాలుగుసార్లు అనేవాడు. ఫ్యామిలీలో ఎవరైనా ఓవర్‌టైమ్ అడుగుతారా? అందుకని ఎవరూ అడిగేవాళ్లు కాదు.

నాది చెప్పుకోవడానికి హెచ్చార్ ఉద్యోగం. చేసేది దుప్పట్లు లెక్కపెట్టడం, హాజరు వెయ్యడం, టవల్ మీద మరక పోలేదని హోటల్ వాళ్లు తిడితే ఫోన్లో వినడం. రిజిస్టర్‌లో మాత్రం నా పేరు పక్కన ‘మేనేజర్’ అని ఉండేది. ఆ ముక్క చెప్పగానే మా అమ్మ వాడకట్టంతా టముకు వేసి వచ్చింది. ఆ రిజిస్టర్‌లో ప్రభుత్వం చెప్పిన కనీస వేతనం ఉండేది, మనుషుల చేతుల్లో పెద్దసార్ చెప్పిన వేతనం ఉండేది. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురుపడకుండా చూడటమే నిజానికి నా ఉద్యోగమని నాకు మూడో నెలలో గానీ అర్థం కాలేదు. కొందరి పేర్లయితే ఏ రిజిస్టర్‌లోనూ ఉండేవి కావు. అలాంటివాళ్లలో, మేమంతా ఖాలా (పిన్ని) అని పిలిచే ఆమె ఒకరు.

ఖాలా ఆ రోలర్ మిషన్ మీద ఎన్నో ఏళ్లుగా పనిచేస్తోంది. అందరికంటే పెద్దది, అందరికంటే చేతి వేగం ఉన్నది. నేను చేరడానికి కొద్ది నెలల ముందు ఒక రోజు దుప్పటి అంచు ముడతపడిందని సర్దబోతే, దుప్పటితో పాటు ఆమె కుడి చెయ్యి కూడా రోలర్ కిందికి పోయింది. పుండ్లు మానాయి గానీ నాలుగు వేళ్లు లోపలికి ముడుచుకుపోయాయి. ఆపరేషన్ చేస్తే తెరుచుకుంటాయి, ఆలస్యమైతే మాత్రం అలాగే బిగుసుకుపోతాయి అని ప్రైవేటు డాక్టరు చెప్పాడట. ఆయన చెప్పిన ఖర్చు విని ఆమె మళ్లీ ఆ వీధికి పోలేదు. మొదటి రోజు కట్టుకు డబ్బులిచ్చింది పెద్దసారే (ఆ మాట ఆయన తరచూ గుర్తుచేసేవాడు). ఇంట్లో ఉన్న నెలన్నరకు మాత్రం పైసా లేదు. నేను చూసేనాటికి ఆమె ఎడమ చేత్తో దుప్పటి మడిచి, కుడి మణికట్టుతో అదిమి, రెండు చేతులున్నవాళ్లతో సమానంగా మూటలు కట్టేది.

ఒక ఉదయం పెద్దసార్ నన్ను లోపలికి పిలిచి తలుపు వేశాడు. కనీస వేతనాలు మళ్లీ పెరిగాయట, ఎవరో ఆకాశరామన్న ఉత్తరం కూడా రాశారట, వచ్చే వారం లేబర్ ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడట. “రిజిస్టర్ మంచిగనే ఉన్నది. గానీ ఆయన లేబర్‌ను నిలబెట్టి అడుగుతడు. వీళ్లు ఏందో ఒకటి మాట్లాడి నన్ను పరేషాన్ చేస్తరు. నువ్వు చదువుకున్నోనివి. ఏం అడిగితే ఏం చెప్పాల్నో రాసి, మంచిగ నేర్పియ్యి.” అని కాస్త ఆగి, “కాలేజీల నాటకం గిట్ల ఏసినవంట గద, మీ మామ చెప్పిండు” అన్నాడు. వేశాను. పోలీసు వేషం. రెండు డైలాగులు, అందులో ఒకటి మర్చిపోయాను. ఆ సంగతి మామ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేసేది ఏమిటంటే, ఆ పని నేను మనసుపెట్టి చేశాను. అబద్ధమైనా పకడ్బందీగా ఉండాలని కోఠీ ఫుట్‌పాత్ మీద లేబర్ చట్టాల పుస్తకం సొంత డబ్బుతో కొన్నాను. రెండు రాత్రులు కూర్చుని తెలుగులో ప్రశ్నలూ జవాబులూ రాశాను. ఎన్ని గంటల పని? ఎనిమిది. ఎక్కువ చేస్తే? రెండింతలు ఇస్తారు. వారానికి సెలవు? ఒక రోజు. పీఎఫ్? కడతారు, వాళ్ల వాటా కూడా వేస్తారు. పనిలో దెబ్బ తగిలితే? ఈఎస్ఐ దవాఖానలో మందులు, ఆపరేషన్ అన్నీ ఉచితం, ఇంట్లో ఉన్న రోజులకు కూడా డబ్బు వస్తుంది. రాస్తుంటే నాకే ముచ్చటేసింది. ఎంత మంచి కంపెనీ, ఇలాంటి దాంట్లో ఉద్యోగం దొరికితే బాగుండు అనుకున్నాను కూడా.

మర్నాడు భోజనాల వేళ రిహార్సల్ షురూ అయింది. నేను పెద్దసార్ నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, దుప్పట్ల మూట మీద కాలు మీద కాలేసుకుని ఇన్‌స్పెక్టర్‌నై కూర్చున్నాను. ముందుగా బాయిలర్ దగ్గర పనిచేసే తాతను పిలిచాను. ఆయనకు బొగ్గు పొగలో కళ్లు ఎప్పుడూ చికిలించే ఉంటాయి, ఎవరు మాట్లాడినా వెటకారమనిపిస్తుంది. “వారానికి సెలవు ఉందా?” అని గంభీరంగా అడిగాను. “ఉన్నది సార్. ఐతారం.” “శభాష్. ఐతారం నాడు ఏం చేస్తావు?” “పనికొస్త సార్.” ఆడవాళ్లంతా విరగబడి నవ్వారు. నేను అద్దాలు తీసి, తాతా, సెలవు నాడు ఇంటి దగ్గర ఉంటానని చెప్పాలి అన్నాను. “ఇంటికాడ ఉండి ఏం జేస్తనంటే ఏం జెప్పాలె? నాకు ఎర్క లేదు గద” అని నిజంగానే దిగులుపడ్డాడు. ఎన్నో ఏళ్లుగా ఆయన ఆదివారం ఇంట్లో లేడు. సరే, మనవడితో ఆడుకుంటానని చెప్పు అన్నాను. ఆ జవాబు ఆయనకు ఎంత నచ్చిందంటే, తర్వాత ఏ ప్రశ్న అడిగినా మనవడితో ఆడుకుంటాననే చెప్పేవాడు.

రెండో రోజుకు సగం మందికి వచ్చేసింది. మూడో రోజుకు దుప్పట్లు మడిచే ఆడవాళ్లు పని చేస్తూనే ఎక్కం చదివినట్టు అప్పజెప్పడం మొదలుపెట్టారు. ఒకరు “ఎనిమిది గంటలు దాటితే?” అంటే ఇంకొకరు “డబల్!” అనేవాళ్లు. నేను మురిసిపోయాను. కానీ నాలుగో రోజున చిక్కు మొదలైంది. అందరికీ జవాబులు వచ్చేశాయి కాబట్టి ఇప్పుడు వాళ్లు ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. “సార్, ఈ డబల్ పైసలు ఎవలిస్తరు? పెద్దసారా, గవర్నమెంటా?” అని ఒకామె. “పీఎఫ్ అంటే మావి సుత ఎన్ని అయినయో ఒకపారి చూసి చెప్పు” అని ఇంకొకామె. అందరికీ ఒకటే మాట చెప్పాను, అది చెప్పేటందుకే గానీ ఇచ్చేది కాదు అని. నోటితో అన్నాక నా చెవులకే ఎలాగో అనిపించింది.

ఖాలా మాత్రం మూటలన్నీ ఆటోలోకి ఎక్కించాక వచ్చి నా బల్ల దగ్గర నిలబడింది. “బేటా, ఆ దెబ్బ తగిలితే అన్న జవాబు ఉన్నది గద, అది జెర మల్ల చదువు” అంది. చదివాను. “ఆపరేషన్ సుత ఫుకట్‌ల చేస్తరా?” అంది. చేస్తారు ఖాలా, కార్డు ఉంటే అన్నాను. “కార్డు ఎవలు చేపియ్యాలె?” పెద్దసార్ అన్నాను. “ఎన్ని రోజులైతది?” ఎన్నో రోజులు పట్టదు, పేరు రిజిస్టర్‌లో రాసి డబ్బు కట్టడమే అన్నాను. ఆమె కుడి చెయ్యి బల్ల మీద పెట్టింది. ముడుచుకున్న ఆ నాలుగు వేళ్లను నేను అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. “ఇన్ని రోజులు ఇది నా నసీబ్ అనుకున్న బేటా. నసీబ్ కాదన్నట్టు. పెద్దసార్ కట్టలేదన్నట్టు” అంది. కోపంగా కాదు, లెక్క తేలినవాళ్లు అన్నట్టుగా అంది. నేను కళ్లు దించుకుని పుస్తకం మూసేశాను.

ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు మా లాండ్రీని చూసి మేమే గుర్తుపట్టలేదు. నేల కడిగారు, ఫస్ట్ ఎయిడ్ డబ్బా వేలాడదీశారు, తాతకు చెప్పులు కొనిచ్చారు. రిజిస్టర్‌లో లేనివాళ్లను ఆ రోజు రావద్దని పెద్దసార్ ముందు రోజే చెప్పాడు. ఖాలా వినిపించుకోనట్టు వచ్చేసింది, ఆయన చూసేసరికి ఇన్‌స్పెక్టర్ గుమ్మంలో ఉన్నాడు. నేను ఊహించుకున్న నల్ల కళ్లద్దాలేమీ లేవు. చేతిలో హెల్మెట్, భుజానికి సంచీ, నలిగిన చొక్కా. అలసిపోయిన మనిషి. మంచినీళ్లు తాగి, రిజిస్టర్ తిరగేసి, మొదటగా తాతను పిలిచాడు. “ఎన్ని గంటలు పని చేస్తావు?” అని అడిగాడు. తాత ఒకసారి నా వైపు, ఒకసారి ఆయన వైపు చికిలించి చూసి, ఎంతో మర్యాదగా అన్నాడు: “రాసిచ్చింది చెప్పాల్నా సార్, ఉన్నది చెప్పాల్నా? నాకు రెండూ వస్తయి.”

ఆ తర్వాత నా నాలుగు రోజుల కష్టం అరగంటలో గంగలో కలిసింది. వాళ్లలో ఎవరూ జవాబు తప్పు చెప్పలేదు, అది మాత్రం నా గొప్పే. ముందు నేను నేర్పింది పొల్లుపోకుండా చెప్పి, ఆ పక్కనే నిజం చెప్పారు. “డబల్ ఇయ్యాలంట సార్, ఇస్తలేరు.” “పీఎఫ్ ఉండాలంట సార్, మాకైతే ఎర్క లేదు.” ఖాలా తన చెయ్యి చాచి చూపించింది. “ఈ బాబు నేర్పిండు సార్, కార్డు ఉన్నదని చెప్పమన్నడు. నా పేరే పుస్తకంల లేదు, కార్డు ఎక్కడిది? అది ఒక్కటి చేపియ్యమని చెప్పుండ్రి, ఆపరేషన్ చేపిచ్చుకుంట” అంది. ఆయన హెల్మెట్ పక్కన పెట్టి ఆ చెయ్యిని చాలాసేపు చూశాడు. “ఈఎస్ఐ వాళ్లది వేరే ఆఫీసమ్మా. నేను రాసి పంపిస్తాను. కానీ నా కాగితంలో కంపెనీ తరఫున ఎవరో ఒకరు రాతపూర్వకంగా చెప్పాలి కదా” అని, నా వైపు తిరిగి కుర్చీ చూపించాడు. “కూర్చోండి. మేనేజర్ గారు మీరే కదా?”

పుట్టి బుద్ధెరిగాక నన్ను ‘గారు’ అన్న మొదటి మనిషి ఆయన. ఆ రెండక్షరాలకు నా వెన్ను దానంతటదే నిటారైంది. వెనక పెద్దసార్ నిలబడి ఉన్నాడు, ఆయన సెంటు వాసన నా మెడకు తగులుతోంది. మామ మాట పోతుందనుకున్నాను, మా అమ్మ వాడకట్టంతా చెప్పి వచ్చిన మాట పోతుందనుకున్నాను. అవన్నీ ఇప్పుడు వెతుక్కుంటున్న సాకులేనేమో. “ఈ రిజిస్టర్ కరెక్టేనా? మీ జీతం, మీ పీఎఫ్, ఇందులో ఉన్నట్టే మీకు అందుతున్నాయా?” అని అడిగాడు. ఇరవై మంది నా నోటి వంకే చూస్తున్నారు. నేను గొంతు సవరించుకుని, ఒక్క మాట తడబడకుండా, సెక్షన్ నంబర్లతో సహా అప్పజెప్పాను. అన్నీ సక్రమంగా అందుతున్నాయి, రిజిస్టర్ అంతా కరెక్టు, ఆ చెయ్యి కాలినామె పాత బట్టలు కొనడానికి అప్పుడప్పుడు వచ్చే మనిషి అని రాసి కింద సంతకం పెట్టాను. ఆ చివరి ముక్క నాకెవరూ రాసివ్వలేదు. అప్పటికప్పుడు నేనే కల్పించాను. కాలేజీ నాటకంలో డైలాగు మర్చిపోయినవాణ్ణి, ఇక్కడ లేని డైలాగు కూడా చెప్పాను. ఖాలా చాచిన చెయ్యి వెనక్కు తీసుకుని కొంగు కింద పెట్టుకుంది.

ఇన్‌స్పెక్టర్ నన్ను ఒకసారి తేరిపార చూసి, కాగితాలు సర్దుకుని వెళ్లిపోయాడు. తర్వాత వచ్చిన నోటీసులో కనీస వేతనాల వివరాలు గోడ మీద ప్రదర్శించాలని ఉంది. ఆ బోర్డు కూడా నేనే రాశాను, నా దస్తూరీ బాగుంటుందని. దాన్ని పెద్దసార్ గదిలో ఫ్రిజ్ వెనక గోడకు తగిలించారు. మిగతావాళ్లను పెద్దసార్ ఏమీ అనలేదు, అందర్నీ పంపిస్తే దుప్పట్లు ఎవరు ఉతుకుతారు? ఖాలాను మాత్రం పిలిచి, “చెయ్యి మంచిగయ్యేదాంక ఇంట్ల రెస్ట్ తీస్కో” అన్నాడు. ఆ చెయ్యి దానంతటది మంచిగ కాదని ఆయనకు తెలుసు, నాకు తెలుసు. నాకు ఆ వారం నుంచి అందరి ముందూ ‘మేనేజర్ సాబ్’ అనే పిలుపు మొదలైంది. జీతం అదే.

పదిహేను రోజులు ఎలాగో గడిపి, ఒక మధ్యాహ్నం ఖాలా ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. లాండ్రీకి నాలుగు సందుల అవతల, మిద్దె మీద ఒకే గది. నన్ను చూసి తలుపేసుకుంటుందనుకున్నాను. చాప వేసి, ఎడమ చేత్తో చాయ్ పెట్టి తెచ్చింది. మాఫ్ చెయ్యి ఖాలా అన్నాను. “మాఫ్ సంగతి అల్లా చూసుకుంటడు. నేనొకటి అడుగుత, సచ్చీ చెప్పు. పెద్దసార్ నీకు ఎంతిస్తడు?” అంది. చెప్పాను. ఆ అంకె అప్పటిదాకా మా అమ్మకు కూడా చెప్పలేదు. ఆమె నోరు తెరుచుకుని నన్నే చూసింది. “అరె! రోలర్ మీద నాకే నీకన్న ఎక్కువిచ్చిండు గద బేటా!” అని నవ్వడం మొదలుపెట్టింది. చాయ్ ఒలికిపోతున్నా ఆపుకోలేకపోయింది. “గింత జీతానికా గంత అబద్ధం చెప్పినవ్!” నాకూ నవ్వొచ్చేసింది, ఇద్దరం కళ్లవెంట నీళ్లు వచ్చేదాకా నవ్వాం. కొంగుతో ముఖం తుడుచుకుంటూ ఆమె అంది: “మేమందరం చెప్పినంక నువ్వు సుత చెప్తవనుకున్న బేటా. నువ్వు సుత మాలెక్కనే గద అనుకున్న.” ఆ తర్వాత నేను నవ్వలేదు.

మర్నాడు పెద్దసార్ ముందు నిలబడి, నాకు రావలసిన కనీస వేతనం, పీఎఫ్, ఖాలాకు కార్డు, ఒకదాని తర్వాత ఒకటి అడిగాను. మొదటిసారి ఆ పాఠం నాకోసం అప్పజెప్పుకున్నాను. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయి, “నీకెవలు నేర్పిండ్రు ఇయన్నీ?” అన్నాడు. “ఖాలా” అన్నాను. రేపటి నుంచి రావద్దన్నాడు. అదే రోజు లేబర్ ఆఫీసుకు వెళ్లి, నేను చెప్పింది అబద్ధమని, నా అసలు జీతంతో సహా తెల్లకాగితం మీద రాసిచ్చి వచ్చాను. ముద్ర వేసి తీసుకున్నారు. ఫైలు కదలడానికి ఏడాది పైనే పట్టింది. ఈలోగా ఖాలా వెళ్లిన చోటల్లా ముందుగా “కార్డు చేపిస్తరా?” అని అడిగేదట, అడిగినందుకే రెండు చోట్ల వద్దన్నారట, మూడో చోట చేయించారట. ఆపరేషన్ అయింది. ఇంకాస్త ముందు తేవలసింది అన్నారట డాక్టర్లు. రెండు వేళ్లు తెరుచుకున్నాయి.

ఇప్పుడు నేను నలుగురికి జీతాల చట్టాలు చెప్పే ఉద్యోగంలోనే ఉన్నాను. ఫోన్లో పలకరించినప్పుడు ఖాలా ఇంకా, “ఈ నెల మంచిగ ఇచ్చిన్రా బేటా, నిజం చెప్పు” అని అడుగుతుంది. కుర్చీలో నిటారుగా కూర్చుని సెక్షన్లు అప్పజెప్పిన ఆ ఇరవై రెండేళ్ల మేనేజర్ గారిని తలుచుకుంటే కోపం కంటే ముందు నవ్వే వస్తుంది. ఒక్క ‘గారు’కు అమ్ముడుపోయాడు పాపం, అది కూడా కనీస వేతనం కంటే తక్కువకే. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవదు. మిగిలిన రెండు వేళ్లు ఇంకా ముడుచుకునే ఉన్నాయి.